రెండు వేళ్ళ ఖాళీ

1999 ఆగస్టు 9, సోమవారం. ఆ మధ్యాహ్నం నేను తిన్నది సగం మిల్కావో. మిగతా సగం ఆసుపత్రిలో కార్డులు చూసే ఇల్డా తిన్నది. తురిమిన బంగాళాదుంపల మధ్య పంది కొవ్వు పెట్టి పొయ్యి మీద కాల్చిన ఆ రొట్టెను ఆమె ఇంటి నుంచి ఒక్కదానికి సరిపడా తెచ్చుకుంది. నేను వల్దీవియాలో చదువు ముగించి, ఈ ద్వీపపు ఆసుపత్రిలో రోగుల కార్డులు తీసేసి కంప్యూటర్ పెట్టడానికి ఆ పొద్దున్నే పడవ దిగాను. ఎక్కడ తినాలో తెలియదు, అడగడానికి మొహమాటం.

"తిన్నారా?" అని అడిగింది.

తిన్నానన్నాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "నిజంగా తిన్నారా?" అని మళ్ళీ అడిగి, రొట్టెను రెండుగా విరిచింది.

రోగులు వచ్చి పేరు చెప్పే కిటికీ వెనక గదిలో గోడ పొడవునా చెక్క సొరుగులు ఉండేవి. చుట్టుపక్కల ద్వీపాల మనుషులందరి కార్డులూ ఇంటిపేర్ల వరుసలో వాటిలో ఉండేవి. ఇల్డా ఒక్కో సొరుగు తెరిచి, నాకు కావలసిన కార్డు చూపించి, మూసేముందు కార్డుల వెనక రెండు వేళ్ళు దూర్చి తీసేది. ప్రతి సొరుగుకీ అంతే. ఏదో అలవాటు కాబోలు అనుకున్నాను. అడగలేదు. ఆమెను ఇంకా చాలా సంగతులు అడగలేదు, ఇరవై ఏళ్ళు కలిసి ఉండి కూడా.

ఇక్కడ ఆగస్టు అంటే చలికాలం. ఆ చలికాలమంతా ఆమె కార్డులు చదువుతుంటే నేను ఎక్కించాను. డేటాబేస్‌లో మనుషుల పట్టికను ఏ వరుసలో ఉంచాలన్నది మొదటి ప్రశ్న. గుర్తింపు సంఖ్య వరుసలో పెడితే తేలిక. ఇల్డా ఒప్పుకోలేదు. పడవ దిగి తడిసిన శాలువాతో కిటికీ దగ్గరికి వచ్చే ముసలామెకు తన సంఖ్య గుర్తుండదు, ఇంటిపేరు గుర్తుంటుంది, ద్వీపం పేరు గుర్తుంటుంది, అంది. అందుకని ఇంటిపేర్ల వరుసలోనే పెట్టాను. ఇక్కడ ఇంటిపేర్లు నాలుగైదే. సగం మంది బర్రీయాలు, కార్దెనాస్‌లు, మన్సీయాలు. పేరు చివర తండ్రి ఇంటిపేరూ తల్లి ఇంటిపేరూ రెండూ ఉంటాయి, రెండూ బర్రీయాలే అయినవాళ్ళు వందల మంది.

రెండో కోరిక కూడా ఆమెదే. ప్రతి మనిషి వరుస చివరా పొడవైన ఒక గడి కావాలంది. "గమనిక" అని పేరు పెట్టాం. దేనికని అడిగితే, కార్డు వెనక రాసుకునేవి రాయడానికి అంది. కార్డుల వెనక ఏముందో అప్పుడు తిప్పి చూశాను. సూది చూస్తే భయం, కబుర్లు చెబుతూ గుచ్చండి. ఇతణ్ణి బావమరిది పక్కన కూర్చోబెట్టవద్దు. కుక్కను గేటుకు కట్టి వస్తాడు, దాని పేరు కపితాన్, దానికి అన్నం పెట్టామని చెబితే తప్ప వార్డులో ఉండడు.

మరుసటి ఏడు మేం పెళ్ళి చేసుకున్నాం. ఆమె పంతొమ్మిదేళ్ళు ఆ గడిలో రాస్తూనే ఉంది. మనుషులు మళ్ళీ మళ్ళీ వచ్చేవారు, గమనికలు పెరిగేవి.

2019 ఏప్రిల్‌లో ఇల్డా పోయింది. ఆసుపత్రి నుంచి కొండ మీది శ్మశానానికి నడిచే వెళ్ళాం, వాన పడలేదు. ఆ రోజు వాన పడకపోవడాన్ని ఇప్పటికీ ఒక దయగానే తలుచుకుంటాను. మరుసటి వారం పనిలోకి వచ్చి, నేను చేసిన మొదటి పని ఆ పట్టికను మళ్ళీ కట్టడం.

ఇక్కడ కాస్త చెప్పాలి. కంప్యూటర్ మనుషుల వరుసలను పేజీలుగా పేర్చి ఉంచుతుంది. ఒక పేజీ నిండిపోయాక దాని మధ్యలో ఇంకో మాట చేర్చాల్సి వస్తే, ఆ పేజీని రెండుగా చీల్చి, సగాన్ని ఎక్కడ చోటుంటే అక్కడికి పంపుతుంది. అలా చీలికలు పెరిగితే వరుస చెదిరిపోతుంది. ఒక ఇంటిపేరు కోసం డిస్కంతా తిరగాలి. అందుకే మాలాంటి వాళ్ళం అప్పుడప్పుడు అంతా వరుసగా తిరిగి కడతాం. కట్టేటప్పుడు పేజీలో ఎంత ఖాళీ వదలాలో మనమే చెప్పాలి. అంతకుముందెప్పుడూ కొంత వదిలేవాణ్ణి. ఆ రోజు ఏమీ వదల్లేదు. నూటికి నూరూ నింపమన్నాను. ఇక ఇందులో రాసేవారెవరు అనుకున్నాను. పెట్టె సర్ది, మూత బిగించి, తాడు కట్టినట్టు కట్టాను. నెలకోసారి నడిచే మరమ్మతును కూడా ఆపేశాను. నిజం చెప్పాలంటే ఆ గడిని మళ్ళీ తెరిచి చూసే ధైర్యం నాకు లేదు.

నాలుగేళ్ళు గడిచాయి. ఇల్డా కుర్చీలో నోల్ఫా కూర్చుంది. నోల్ఫా మిలాలోంకో అంతకుముందు అదే వరండా ఊడ్చేది. యాభై దాటిన మనిషి, పెద్ద గొంతు. మొగుడు అపియావో ద్వీపానికి పడవ నడుపుతాడు. నన్ను ఇంజినీరు గారూ అని పిలుస్తుంది, ఆ పిలుపులో గౌరవం ఎంతో ఎగతాళి అంత. రోజూ మధ్యాహ్నం నా గది తలుపులోంచి తల పెట్టి తిన్నారా అని అరుస్తుంది. తిన్నానంటాను. వెళ్ళబోయి, ఆగి, నిజంగానా అంటుంది. ఇల్డా మాట ఆ గొంతులో వినడం నాకు కష్టంగా ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఉన్న అలవాటేమో అని సరిపెట్టుకునేవాణ్ణి.

ఈ జూన్ మొదట్లో కిటికీ దగ్గర వరుస కదలడం మానేసింది. సోమ, గురువారాల్లో దూర ద్వీపాల నుంచి పడవలొస్తాయి. పొద్దున తొమ్మిదికి దిగినవాళ్ళు మధ్యాహ్నం రెండున్నర పడవకు తిరిగి వెళ్ళాలి. పోటు దిగితే పడవ ఆగదు. బర్రీయా అని కొడితే ముందు పది సెకన్లు పట్టేది, తరవాత ఇరవై, ఆ సోమవారం నలభై. ఒక్కొక్కరికి నాలుగైదు సార్లు వెతకాలి. వరుస వరండా దాటి వానలోకి వెళ్ళింది.

"ఇంజినీరు గారూ, మీ పెట్టె నిద్రపోయిందా, పోయిందా?" అని నోల్ఫా కిటికీ దగ్గర నుంచే అరిచింది. "పోయుంటే చెప్పండి, కొవ్వొత్తి వెలిగిస్తాం."

అపియావో నుంచి వచ్చిన పెద్దావిడ దోన్యా దెల్మీరా బర్రీయా బర్రీయా అప్పటికి రెండు గంటలుగా నిలబడి ఉంది. ఎనభై నాలుగేళ్ళు. ఆమె కిటికీ అంచు పట్టుకుని తెర వైపు వంగి చూసింది.

"నా పేరు దొరకడానికి ఇంత సేపా అమ్మాయ్? నేనింకా బతికే ఉన్నానని చెప్పు దానికి."

అందరూ నవ్వారు, నేను తప్ప. ఆమె డాక్టర్ గదిలోంచి బయటికి వచ్చేసరికి మూడైంది. నోల్ఫా మొగుడు పావుగంట పడవ ఆపాడట, అంతకుమించి నీళ్ళు ఆగలేదట. దోన్యా దెల్మీరా గురువారం దాకా నోల్ఫా ఇంట్లో ఉండిపోయింది. ఇంటి దగ్గర ఆమె కోళ్ళను ఎవరు చూస్తారని రెండు రోజులు ఏడ్చిందని నోల్ఫా నాకు చెప్పింది, ఎగతాళి లేకుండా. అదే ఎక్కువ బాధించింది.

మంగళవారం ప్యుయెర్తో మోంత్ నుంచి ఫబ్రీసియో ఫోన్ చేశాడు. మా ప్రాంతపు ఆసుపత్రుల కంప్యూటర్లన్నీ చూసే ఆఫీసులో పనిచేస్తాడు. మర్యాదస్తుడు, పని తెలిసినవాడు. అతను అక్కడి నుంచే మా పట్టికను తూచి చూశాడు. బరువంతా ఒకే గడిలో ఉందన్నాడు.

"ఆ గమనిక గడి తీసేద్దాం ఉబాల్దో గారూ. అందులో ఏముందో చూశాను. ఎవరిదో కుక్క పేరు కూడా ఉంది. వైద్యానికి దానితో ఏం పని?"

కపితాన్ చనిపోయి పదేళ్ళు దాటిందని నేను అతనికి చెప్పలేదు. శనివారం దాకా సమయమివ్వమని అడిగాను. ఇచ్చాడు. సోమవారం ఉదయం తానే వెతికి చూస్తానని, రెండు సెకన్లు దాటితే మధ్యాహ్నానికల్లా ఆ గడిని ఖాళీ చేసేస్తానని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. వానలో నిలబడే ముసలివాళ్ళ వైపే మాట్లాడుతున్నాడు. కాదనడానికి నా దగ్గర ఏముంది? ఇల్డా రాసిన మాటలు ఈ లోకంలో ఇంకెక్కడా లేవన్న సంగతి తప్ప. ఆమెకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. మేం ఒకరినొకరు విడిచి ఉన్నదే లేదు కనుక నాకు ఒక్క ఉత్తరమూ లేదు.

బుధవారం మధ్యాహ్నం తలుపు వేసుకుని పట్టికను పరీక్షకు పెట్టాను. పేజీలు వరుసలో ఉన్నాయా అని అడిగితే నూటికి తొంభై ఆరు చెదిరాయని వచ్చింది. పేజీలు ఎంత నిండి ఉన్నాయని అడిగితే సగానికి కాస్త పైన అంది. అంటే నేను నూటికి నూరు నింపి బిగించినవన్నీ చీలి చీలి, ఇప్పుడు సగం సగం ఖాళీగా, ఒకదానికొకటి దూరంగా పడి ఉన్నాయి. డిస్కు పాతదే, కానీ తప్పు దానిది కాదు.

ముందు కొత్తవాళ్ళ వల్ల అనుకున్నాను. లెక్క చూశాను. పుట్టినవాళ్ళూ కొత్తగా వచ్చినవాళ్ళూ కలిపి ఏడాదికి రెండు వందలు దాటరు. చీలికలు అంతకు ఎన్నో రెట్లున్నాయి. కొత్త వరుసలు చేరకుండా పేజీ చీలాలంటే ఒక్కటే దారి. ఉన్న వరుసలే పొడుగవ్వాలి. పట్టికలో పొడుగయ్యే గడి ఒక్కటే.

 తరవాత దోన్యా దెల్మీరా వరుస తెరిచాను. నాలుగేళ్ళ తరవాత ఇల్డా మాటలు.

*ఎడమ చెవి వినపడదు. కుడివైపు నుంచి పిలవండి. పిలిచాక తొందరపెట్టకండి.*

దాని కింద ఇంకో గమనిక ఉంది. అది ఇల్డా ధోరణి కాదు.

*ఇప్పుడు కుడిది కూడా తక్కువే. చెయ్యి తాకి పిలవాలి. మార్చి 2022.*

ఇంకో వరుస తెరిచాను. సూదంటే భయపడే మనిషి. కింద: *భయం పోయింది. కానీ కబుర్లు చెప్పడం మానకండి, అలవాటైపోయింది.* కుక్కను కట్టి వచ్చే ముసలాయన: *కొత్త కుక్క. దీని పేరూ కపితానే.* బర్రీయాలు, కార్దెనాస్‌లు, మన్సీయాలు. ఎక్కడ చూసినా ఇల్డా రాసినదాని కింద ఒక వాక్యం, రెండు వాక్యాలు, తేదీలు. మార్చినవారి పేరు అడిగితే ప్రతి చోటా ఒకటే వచ్చింది. నోల్ఫా.

నేను కూడా ఈ ఆసుపత్రి రోగినే. నా పేరు మీదా ఒక వరుస ఉంది. దాని చివరి గడిలో ఏమైనా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు. నా భార్య నా గురించి ఆసుపత్రికి రాయాల్సినదేముంటుంది? తెరిచాను.

*నొప్పి ఉన్నా చెప్పడు. భోజనం చేశారా అని అడగండి. చేశానంటాడు. మళ్ళీ అడగండి.* ఫిబ్రవరి 2019. ఆమె పోవడానికి రెండు నెలల ముందు.

కింద:

*అడిగాను. చేశానన్నాడు. మళ్ళీ అడిగాను. చేశానన్నాడు. మే 2019.*

*అడుగుతున్నాను. 2020.*

*అడుగుతున్నాను. 2021. ఒకసారి మిల్కావో ఇస్తే తిన్నాడు.*

*అడుగుతున్నాను.*

ఇంకా చాలా ఉన్నాయి. నా పేజీ కూడా చీలింది. ఆ చీలిక ఎక్కడికి పోయిందో వెతికి చూశాను, డిస్కులో ఆ చివర ఉంది.

సాయంత్రం కిటికీ మూశాక నోల్ఫా మాతే ఆకు టీ కాచుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చుని, గమనికల్లో రాస్తున్నది నువ్వేనా అని అడిగాను. ఆమె గిన్నె కింద పెట్టింది. తిడతానని అనుకుంది కాబోలు, ముందే గొంతు పెంచింది.

"నేనే. అయితే ఏంటి? నా వల్లే మీ పెట్టె పాడైందా?"

పాడవలేదని, తప్పు నాదేనని చెప్పాను. ఎవరు రాయమన్నారని అడిగాను. ఇల్డా ఆఖరి నెలలో పిలిచి, కిటికీ దగ్గర నువ్వే కూర్చుంటావు, లోపల అంతా రాసి ఉంది, చదువుకో అని చెప్పిందట. రాయమని చెప్పలేదట.

"చదివాను," అంది నోల్ఫా. "కానీ మనుషులు మారిపోతారు కదండీ. ముసలైపోతారు, కుక్కలు చచ్చిపోతాయి. కింద ఏమీ రాయకపోతే ఆవిడ రాసింది అబద్ధమైపోదూ?"

 ఆమె గిన్నెలో వేడి నీళ్ళు పోసి నా వైపు తోసింది. ఏం తప్పు చేశానో ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలని, పాత సొరుగుల మాట ఎత్తాను. సొరుగు నిండా కార్డులు కుక్కేశాననుకో, తరవాత ఒక్క కార్డు లావెక్కినా సగం కార్డులు తీసి వరండా చివర గూట్లో పడేయాలి, వాటి కోసం ప్రతిసారీ అక్కడిదాకా పరుగెత్తాలి, అన్నాను. ఇల్డా పోయిన వారం నేను చేసింది అదే.

నోల్ఫా నన్ను వింతగా చూసింది.

"మీకు తెలీదా? ఆవిడ ప్రతి సొరుగులో రెండు వేళ్ళు పెట్టి చూసేది. వేళ్ళు దూరకపోతే అప్పటికప్పుడు కార్డులు సర్దించేది. నా చేతే సర్దించేది, ఊడ్చే చీపురు పక్కన పెట్టించి మరీ. ఎందుకమ్మా ఈ గోల అని ఒకసారి అడిగాను. అందరూ ఇంకా చెప్పడం అయిపోలేదు నోల్ఫా, అంది."

ఇరవై ఏళ్ళ పాటు ఆ రెండు వేళ్ళను చూశాను. పట్టుకున్నాను కూడా, సినిమాలో, పడవలో, చివర్లో వార్డులో. అవి సొరుగు వెనక ఏం కొలుస్తున్నాయో ఊడ్చే మనిషి అడిగి తెలుసుకుంది.

శనివారం మధ్యాహ్నం కిటికీ మూసి, ప్రయోగశాల వాళ్ళకూ మందుల గది వాళ్ళకూ చెప్పి, పని మొదలుపెట్టాను. ముందు నకలు తీసి దాచాను. తరవాత పట్టికను ఇంటిపేర్ల వరుసలో మళ్ళీ కట్టమన్నాను, ప్రతి పేజీలోనూ నాలుగో వంతు ఖాళీ వదలమన్నాను. ఆపేసిన నెలవారీ మరమ్మతును తిరిగి పెట్టాను. ఉత్తరపు గాలి రేకుల మీద వానను కొడుతోంది, దీపం రెండుసార్లు మినుకుమంది. కరెంటు పోలేదు. అది కూడా ఆ రోజు దయల్లో ఒకటి. నోల్ఫా సెలవైనా వచ్చింది. ఉన్ని మేజోళ్ళు గదిలో చలి కాచుకునే పొయ్యి దగ్గర ఆరేసుకుని, తెర మీద పెరుగుతున్న అంకెను పులుసు పొంగుతుందేమోనని చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. యాభై నిమిషాలు పట్టింది.

అయ్యాక ఆమెనే కొట్టమన్నాను. బర్రీయా అని రెండు చేతుల్లో రెండు వేళ్ళతో కొట్టింది. వేలు మీట మీంచి తీసేలోపే అందరూ వచ్చేశారు, అపియావో బర్రీయాలు, అలావో బర్రీయాలు, బతికున్నవాళ్ళూ పోయినవాళ్ళూ.

 నోల్ఫా కార్దెనాస్ కొట్టింది. మన్సీయా కొట్టింది. తరవాత మెల్లగా, ఇక రాయడం మానెయ్యాలా అని అడిగింది. రాయమన్నాను, చోటు ఉందన్నాను. ఎంత ఉందని అడిగింది. రెండు వేళ్ళు చూపించాను. ఆమె ముఖం పొయ్యి వైపు తిప్పుకుంది.

సోమవారం తొమ్మిదింపావుకు ఫబ్రీసియో అక్కడి నుంచి వెతికి చూశాడు. పది నిమిషాలకు ఫోన్ చేసి ఏం చేశారని అడిగాడు. నాలుగేళ్ళ కిందట ఒక తప్పు చేశాను, దిద్దుకున్నాను అన్నాను. గమనిక గడి మాట అతను ఎత్తలేదు. పెట్టేసేముందు మాత్రం, కపితాన్ ఎవరిదని అడిగాడు. అపియావో దారిలో ఉండే ముసలాయన కుక్క అని, ఇది రెండోదని చెప్పాను. అతను నవ్వినట్టే వినిపించింది.

దోన్యా దెల్మీరా ఆ రోజు పరీక్ష ఫలితానికి వచ్చింది. నోల్ఫా కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె మణికట్టు తాకి పిలిచింది. పదకొండుకల్లా పని అయిపోయింది. మిగిలిన మూడున్నర గంటలూ ఆమె రేవులో కూర్చుని, ఉన్ని వడుకుతూ, వచ్చేపోయేవాళ్ళందరికీ తన పేరు ఎంత తొందరగా దొరికిందో చెప్పిందట.

జూన్‌లో ఇక్కడ అయిదున్నరకే చీకటి పడుతుంది. అందరూ వెళ్ళాక ఇల్డా వరుస తెరిచాను. ఆమె ఇంటిపేరు వార్గాస్. ఆ వార్గాస్‌ల మధ్య ఆమె కూడా ఒక మనిషి. పుట్టిన తేదీ, పోయిన తేదీ, రక్తం రకం. గమనిక గడి ఖాళీ. అందరి గురించీ రాసిన మనిషి గురించి ఎవరూ ఏమీ రాయలేదు. మీటల మీద వేళ్ళు పెట్టాను. ఏం రాయను? ఎవరికి పనికొస్తుంది? ఇక ఆమెను ఎవరూ కిటికీలోంచి పిలవరు. అయినా రెండు వాక్యాలు రాశాను.

*తన రొట్టెలో సగం ఇస్తుంది. వద్దన్నా తీసుకోండి.*

తలుపులోంచి నోల్ఫా తల పెట్టింది. కోటు వేసుకుంది, చేతిలో తాళాల గుత్తి ఉంది.

"తిన్నారా?"

నాలుగేళ్ళుగా చెప్పిన మాటే నోటి దాకా వచ్చింది.

"లేదు," అన్నాను. "పొద్దుట్నుంచీ ఏం తినలేదు."

ఆమె రెండోసారి అడగలేదు. తన ఇంట్లో పొయ్యి మీద బంగాళాదుంపలు ఉన్నాయని, మొగుడు చేప తెచ్చాడని, కాళ్ళు తుడుచుకుని లోపలికి రావాలని చెప్పింది. తెర ఆపి, దీపం ఆర్పి, వరండాలోకి వచ్చాను. వెనక నోల్ఫా చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, తాళం తిప్పి, పడిందో లేదో అరచేత్తో ఒకసారి నెట్టి చూసింది.